మా మిరపకోత ముఠా చూసిన పోలీసు సినిమా

నేను చదివింది అయిదో తరగతి. అది కూడా చివరి రెండు నెలలు పత్తి ఏరడానికి పోయి సరిగ్గా చదవలా. ఈ సినిమా సంగతి నేను ఎప్పుడు చెప్పినా కాలేజీలో చదివే మా చిన్నమ్మాయి పడీపడీ నవ్వుద్ది. "అమ్మా, దీన్ని కాయితం మీద పెట్టు, ఊరికే పోద్ది" అని ఒక నోటుబుక్కు ఇచ్చింది. నాలుగు రోజులు ఆ బుక్కుని బియ్యం డబ్బా మీద పెట్టి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తా ఉన్నా. రాస్తే ఎవురన్నా నవ్వుతారేమో అని భయం. తర్వాత అనుకున్నా, నవ్వితే నవ్వారు, ఇది నవ్వుకునే సంగతే గదా అని.

మాచర్ల నించి ఆటోలో ముప్పావు గంట పోతే మా ఊరు. నాతో కలిపి పన్నెండు మంది ఆడోళ్ళం ఒక ముఠా. మిరపకోతలకి పోతాం. కోతలయ్యాక కల్లంలో కూర్చొని తాలు ఏరతాం, అంటే ఎండినప్పుడు రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని వేరు చేస్తాం. ముఠాకి ఒక మేస్త్రి ఉండాలి. రైతుతో మాట్లాడేదీ, ఎవురు ఏ సాలు, అంటే ఏ చెట్ల వరస, పట్టాలో చెప్పేదీ మేస్త్రే. మా ముఠాకి ఇరవై ఏళ్ళు మా అత్త మేస్త్రి. మోకాళ్ళు మొరాయించి ఆమె మంచం ఎక్కినాక ఆ పని నాకు అప్పజెప్పింది. ఇది నేను మేస్త్రి అయిన మొదటి ఏడు సంగతి.

మా ముఠాలో ఒక అలవాటు ఉంది. ఆఖరి పని రోజు రైతు మమ్మల్ని సంతోషపెట్టాలి. కోడికూర భోజనం అయినా సరే, సినిమా అయినా సరే, ఏదో మేస్త్రి చెప్పాలి. ఆ రోజే మనిషి మనిషీ మేస్త్రికి మాట ఇవ్వాలి, వచ్చే ఏడు ఇదే ముఠాలో ఉంటానని గానీ, వేరే ముఠాకి పోతానని గానీ. ఆ రోజు దాటినాక బతిమాలకూడదు. మా అత్త ఉన్న ఇరవై ఏళ్ళలో ఒక్క మనిషి కూడా పోతానన్లేదు. నాకు అదే గుండెల్లో గుబులు.

గుబులు ఎందుకంటే పిన్ని. ఆమె నాకు చుట్టం కాదు, ముఠా అంతా ఆమెని పిన్నీ అనే పిలుస్తాం. ఆమె చెయ్యి చానా చురుకు. సాల్లో ఆమె ముందు పోతా ఉంటే మిగతా వాళ్ళ చేతులు వాటంతట అవే ఆ వేగానికి వస్తయ్. పక్క ఊరి ముఠా మేస్త్రి ఆమెని రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. ఆమె పోతే సగం మంది ఆమె వెనకే పోతారు. ఆమె పోవడానికి నేనే కారణం ఇచ్చా. అది కూడా రాయాలి, రాయకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

రెండో కోతలో ఒక చిన్న చెక్కలో, అంటే పొలం ముక్కలో, పని. సరిగ్గా పన్నెండు సాళ్ళు, మనిషికి ఒకటి. తూర్పు గట్టు నించి లెక్కపెట్టి నేనే పంచా. పిన్నిది ఏడోది. మధ్యాహ్నం కాబోతా ఉంటే రైతు వచ్చి, "ఏడో సాల్లో పండుకాయంతా చెట్టునే ఉంది, ఎవురిదమ్మా అది?" అని గట్టు మీద నించి కేకలేశాడు. నేను చూడను గూడా చూడలా. అందరి ముందరా, రైతు ముందరా, "ఏంది పిన్నీ, కళ్ళు కనపడట్లేదా? కనపడకపోతే ఇంటికాడ కూర్చోరాదూ?" అన్నా. ఆమె నా వంక ఒక్కసారి చూసింది. పోయి, రైతు చూపించిన సాలు మొదటి నించి మళ్ళీ కోసింది.

అన్నం తినేటప్పుడు నాకు వెలిగింది. రైతు నిలబడింది పడమటి గట్టున. ఆయన లెక్కపెట్టింది పడమటి నించి. పడమటి నించి ఏడోదంటే తూర్పు నించి ఆరోది. ఆరోది నాది. పొద్దున ఫోను వస్తే మాట్లాడడానికి గట్టు మీదికి పోయా, తిరిగొచ్చి అయిదో సాలామెకి సాయం పట్టా, నాది మర్చేపోయా. చెప్పాలనే అనుకున్నా. మళ్ళీ ఏమనుకున్నానంటే, మేస్త్రే తప్పు చేశానని చెప్తే రేపటి నించి నా మాట ఎవురు వింటారని. అట్టా ఆ రోజు పోయింది. తర్వాత నెలన్నర పోయింది. పిన్ని పని చేసేది, పిలిస్తే పలికేది, అంతకుమించి నాతో మాట్లాడేది కాదు.

ఇంక సినిమా సంగతి. మా ముఠాలో అందరికంటే చిన్నది ఒకతి ఉంది, కొత్తగా పెళ్ళయి మా ఊరు వచ్చింది. సినిమా అంటే ప్రాణం దానికి. ఫోనులో పోస్టరు చూపించింది. ఖాకీ చొక్కా, నల్ల కళ్ళజోడు, రెండు చేతుల్లో రెండు తుపాకులు.

"అక్కా, ఇదే పోదాం అక్కా. ఒక్క దెబ్బకి పదిమంది గాల్లోకి లేస్తారంట!"

మంచం మీద నించి మా అత్త, "పదిమందీ గాల్లోకి లేస్తే కింద కాయ ఎవురు కోస్తారే?" అంది.

నాకు సినిమాల గురించి ఏం తెలుసు? పోలీసు అంటే న్యాయం చేస్తాడు, అందరికీ నచ్చుద్దిలే అనుకున్నా. రైతుకి అదే చెప్పా.

ఆఖరి రోజు పొద్దున కల్లంలో తాలు ఏరే పని మిగిలింది. ఎప్పుడూ ఆ పని అయినాక చేతులకి ఆముదం బాగా పట్టించి, కాసేపుండి సబ్బుతో రెండు మూడు సార్లు కడుక్కుంటాం. లేకపోతే ఆ ఘాటు వదలదు. ఆ రోజు ఆటో ముందే వచ్చి హారను కొడతా ఉంది. మ్యాట్నీ మొదలైపోద్దని చిన్నది గెంతతా ఉంది. అందరం నీళ్ళ డ్రమ్ములో చేతులు ముంచి, కొంగులకి తుడుచుకొని ఎక్కాం. మా అత్తని ఇద్దరు పట్టుకొని ఎక్కించారు. "మీతో నేను రాకపోతే మాట ఎవురు ఇచ్చారో ఎవురు ఇవ్వలేదో నాకెట్టా తెలుసుద్ది?" అని ఆమె కూడా వచ్చింది.

థియేటర్లో ఒక వరసంతా మేమే. ఏసీ ఉందన్నారు గానీ ఆ రోజు దానికి కూడా ఒంట్లో బాలేదేమో, వేడిగాలే వస్తా ఉంది.

హీరో గోడ పగలగొట్టుకొని మోటారుసైకిలు మీద వచ్చాడు. చిన్నది ఈల వేసింది. పక్కనే గేటు తీసే ఉంది.

"గేటు ఉంది గదే, గోడ ఎందుకు పగలగొట్టాడు?" అంది మా అత్త.

"అది ఎంట్రీ అమ్మమ్మా!"

"ఎంట్రీ సరే, ఆ గోడ మళ్ళీ ఎవురు కడతారు?"

హీరో పెద్ద పోలీసాఫీసరు. స్టేషన్‌లోకి రాగానే అందరూ సెల్యూటు కొట్టారు. ఆయన ఎవురికీ తిరిగి కొట్టలా. కుర్చీలో కూర్చొని బల్ల మీద కాళ్ళు పెట్టాడు. ఒక ముసలాయన దండం పెట్టి ఫిర్యాదు కాయితం ఇస్తే, చదవకుండానే చించి గాల్లో వేసి, "నాకు చదవడం అలవాటు లేదు, కొట్టడమే అలవాటు" అన్నాడు. ముందు వరసలోవాళ్ళు అరిచారు. మా వరసలో ఎవురూ అరవలా.

మా పక్కింటామె మా ముఠానే. ఆమె గేదె తప్పిపోయినప్పుడు ఒకసారి స్టేషన్‌కి పోయొచ్చింది. ఆమె అంది, "ఆ రోజు రైటరు గారు రెండు పేజీలు రాసుకున్నాడు తల్లీ. కొమ్ములు లోపలికి తిరిగినయ్యా, బయటికి తిరిగినయ్యా అని కూడా అడిగాడు. ఈయన ఒక్క అక్షరం రాయట్లేదేంది?"

"రాయడం వస్తేగా" అన్నారు ఇంకొకళ్ళు.

ఇంట్లో, గుళ్ళో, వానలో, అర్ధరాత్రి కూడా ఆ నల్ల కళ్ళజోడు తియ్యడు. "పాపం కళ్ళకలకేమో" అని మా అత్త జాలిపడింది. ఒక టీచరమ్మ రోడ్డు మీద పోతా ఉంటే జీపు అడ్డం పెట్టి, "రేపటి నించి నువ్వు నాదానివి" అన్నాడు. ఆమె ఛీ అనకుండా నవ్వింది. వెంటనే ఇద్దరూ మంచుకొండల్లో ఆడతన్నారు. మాచర్ల ఎండలో నించి వచ్చి కూర్చున్న మాకు ఆ మంచు ఒక్కటే నచ్చింది. ఆ పాట ఇంకో రెండుసార్లు వేస్తే బాగుండనుకున్నాం.

ఆ ఆఫీసరుకి జీపు తోలే కానిస్టేబులు ఒకాయన ఉన్నాడు. పెద్దాయన, బట్టతల, మెల్లగా మాట్లాడతాడు. ఒక రోజు దొంగలు తప్పించుకుపోయారు. జీపు లేటుగా వచ్చిందని హీరో ఆయన్ని బజారు మధ్యలో, నలుగురూ చూస్తా ఉండగా చెంప మీద కొట్టాడు. నిజానికి లేటు ఎందుకయిందంటే హీరో ఫోనులో టీచరమ్మతో మాట్లాడతా దారి తప్పు చెప్పాడు. చూసే మాకు ఆ సంగతి తెలుసు. కాసేపటికి హీరోకి కూడా తెలిసింది. ఫోను వంక చూసుకొని పళ్ళు కొరుక్కున్నాడు, అంతే.

పిన్ని నాకు ఒక కుర్చీ అవతల కూర్చుంది. ఆమె వంక చూడటానికి ధైర్యం చాలలా.

"చెప్తాడులే, చివర్లో చెప్తాడు" అంది చిన్నది. "హీరో గదా."

ఇంటర్వెల్ అయింది. పేలాలు తిన్నాం. మళ్ళీ కూర్చున్నాం. హీరో కొడతానే ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఇల్లు కాలిపోయినా, లారీ పేలిపోయినా ఆ చొక్కాకి మసి అంటలా. చివరికి హీరో మీదికి గుండు వస్తే ఆ జీపు తోలే పెద్దాయన అడ్డం పడ్డాడు. నేల మీద పడిపోయి హీరో వంక చూస్తన్నాడు. వరసలో అందరం ముందుకి వంగి చూశాం. ఇప్పుడన్నా ఆ మాట చెప్తాడని. హీరో కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన్ని దాటుకొని మెల్లగా నడుచుకుంటా విలన్ కాడికి పోయాడు. వెనకాల బాంబు పేలింది. వెనక్కి తిరిగి చూడలా.

"ఛీ" అంది మా అత్త గట్టిగా. "వీడు గనక మేస్త్రి అయితే ఒక్క కోతకే ముఠా ఖాళీ!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలా.

తర్వాత ఆ పెద్దాయన తల్లి వచ్చి కొడుకు మీద పడి ఏడిచే సీను. ఆ తల్లి బాగా చేసింది, ఆ మాట చెప్పాలి. గేదె తప్పిపోయినామె కళ్ళు నిండి చేత్తో తుడుచుకుంది. ఆ పక్కామె తుడుచుకుంది. పొలంలో అయితే చేతులు కంటి కాడికి పోనియ్యం, చిన్నప్పటి నించి అలవాటు. థియేటర్లో చేతులు ఏం చేస్తన్నయ్యో ఎవురికి గుర్తుంటది? ఒకతి "అబ్బా" అంది. ఇంకొకతి "అమ్మో" అంది. చూసి నేను నవ్వబోయి, చెమట కారతా ఉంటే కొంగుతో మొహం తుడుచుకున్నా. పొద్దుననించీ కాయలు మోసిన కొంగు అది. ఇంక చూసుకోండి. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. వరసంతా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బోరుమన్నాం.

వెనక వరసలో ఒకాయన మంచివాడు, ముందుకి వంగి, "అమ్మా, అట్టా ఏడవబాకండి, ఉత్త సినిమానే గదా" అన్నాడు.

"ఇది సినిమా ఏడుపు కాదు నాయనా, మిరపకాయ ఏడుపు" అంది మా అత్త. ఆమె ఒక్కతే కాయ ముట్టుకోలేదు గనక ఆమెకి ఏమీ కాలా. ఆయనకి అర్థమైనట్టు లేదు.

హీరో తర్వాత ఏం చేశాడో మేమెవురం చూడలా. ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకొని బయటపడ్డాం. గేటు కాడ మైకు పట్టుకొని ఒకాయన నిలబడున్నాడు, సినిమా ఎట్టా ఉందో జనాన్ని అడిగి ఫోనులో పెడతారు గదా, వాళ్ళు. పన్నెండు మంది ఆడోళ్ళు కన్నీళ్ళు కారుస్తా రావడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. పరిగెత్తుకుంటా వచ్చి ముందున్న పిన్ని నోటి కాడ మైకు పెట్టాడు.

"అమ్మా, ఏ సీన్ మిమ్మల్ని ఇంతగా ఏడిపించింది?"

పిన్ని ఒక కన్ను మూసుకొని, ఇంకో కన్ను చికిలించి, "జీపు తోలేటాయనది" అంది.

"ఆయన చనిపోయిన సీనా అమ్మా?"

"కాదు నాయనా. చెయ్యని తప్పుకి నలుగురిలో చెంప మీద కొట్టాడు గదా. తప్పు ఆయనది కాదని తర్వాత తెలిసింది గదా. ఒక్క మాట చెప్పాడా? నోటి ముత్యాలు రాలతయ్యా? ఆ పెద్దాయన పోయేదాకా అట్టాగే చూస్తా ఉన్నాడు, ఇప్పుడు చెప్తాడేమో, ఇప్పుడు చెప్తాడేమో అని."

ఆమె నా వంక చూడకుండానే చెప్పింది. మైకాయన నా వైపు తిరిగి, "మీరు చెప్పండి మేడం, సినిమా ఎట్టా ఉంది?" అన్నాడు. "బాగుంది" అన్నా. అంత చెత్త సినిమాని బాగుందని చెప్పింది మాచర్ల మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటా.

ఆ వీడియో రెండు రోజుల తర్వాత చిన్నది చూపించింది. పిన్ని చెప్పింది మొత్తం తీసేశారు. మేమందరం ఏడుస్తా రావడం, నేను ఎక్కిళ్ళు పెడతా "బాగుంది" అనడం, అదే మూడుసార్లు తిప్పితిప్పి వేశారు. పైన "కన్నీళ్ళు ఆపుకోలేకపోయిన ఆడపడుచులు" అని రాశారు. అయినా పాపం ఆ సినిమా వారం కూడా ఆడలా.

థియేటర్ ఎదురుగా కొట్లో మజ్జిగ ప్యాకెట్లు కొని అందరం చేతులకీ మొహాలకీ రాసుకున్నాం. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. కొంచెం చల్లబడ్డాక ఆటో ఎక్కాం. మా అత్త డ్రైవరు వెనకాలే కూర్చొని, "ఆఁ, ఇంక మాటలు కానీండి" అంది.

చిన్నది మొదలు. "నేనుంటా అక్కా. ఇంక జన్మలో సినిమా పేరు చెప్పను." అందరూ దాన్ని తిట్టబోయారు. "దాన్ని అనబాకండి, సినిమా చెప్పింది మేస్త్రి. నాది తప్పు" అన్నా. ఆ మాట ఎట్టా వచ్చిందో గానీ తేలిగ్గానే వచ్చింది. గేదె తప్పిపోయినామె ఉంటానంది. ఇంకొకామె, గురజాలలో ఉన్న కూతురికి పురుడు పొయ్యాలనీ, వచ్చే ఏడు ఆడే ఉండాలనీ, రానని చెప్పింది. మిగతావాళ్ళు ఏదో గొణిగి ఊరుకున్నారు. అందరి చూపూ పిన్ని మీదే ఉంది. పిన్ని బయటికి చూస్తా ఉంది.

"పిన్నీ" అన్నా. "పిన్నీ, ఆ రోజు ఆ ఏడో సాలు..."

"ఏందీ? ఆటో శబ్దానికి వినపడట్లా."

డ్రైవరు ఆటో పక్కకి తీసి, ఇంజను ఆపాడు. వెనక్కి తిరిగి గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, "చెప్పండి మేస్త్రమ్మా, నాకు కూడా తొందరేం లేదు" అన్నాడు.

ఇంక ఎక్కడికి పోతా? "ఆ సాలు నీది కాదు పిన్నీ, నాది. రైతు పడమటి గట్టు నించి లెక్కపెట్టాడు. నేను తూర్పు నించి అనుకున్నా. అన్నం తినేటప్పుడే తెలిసింది. చెప్పలా."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. పిన్ని నింపాదిగా, "నాకు అంతకు ముందే తెలుసు" అంది. "నీ నీళ్ళ సీసా ఆ సాల్లోనే పడుంది గదా. తెచ్చి నీ సంచిలో పెట్టింది ఎవురనుకున్నావు?"

నాకు మళ్ళీ కళ్ళు మండినయ్. ఈసారి మజ్జిగ పని చెయ్యలా.

"మరి అప్పుడే అనకపోయావా?"

"నీ నోటితో నువ్వు చెప్పాల్సింది నేను చెప్పేదేంది? సాలు సంగతి సరే. కళ్ళు కనపడట్లేదా, ఇంటికాడ కూర్చో అన్నావే, దానికేం చెప్తావు?"

"తప్పయింది పిన్నీ. అందరి ముందరా అన్నా, అందరి ముందరే చెప్తన్నా. తప్పయింది."

"ఆఁ" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, గుర్తొచ్చి చెయ్యి ఆపింది. "ఆ రోజు బాగానే కనపడినయ్యే. నీ సినిమా పుణ్యాన ఇయ్యాళే కనపడట్లా!"

ముందు మా అత్త నవ్వింది. తర్వాత ఆటో ఊగిపోయింది. డ్రైవరు కూడా నవ్వతా ఇంజను వేశాడు.

కొంచెం దూరం పోయాక పిన్ని తనంతట తనే అంది. "ఇట్టా నోటి లెక్కలు పెడితే మళ్ళీ తగూలే. వచ్చే ఏడు సాలుకి రెండు కొసలా పుల్ల పాతి గుడ్డపీలిక కట్టు. మనిషికి ఒక రంగు. అప్పుడు రైతు ఏ గట్టున నిలబడితే ఏంది?"

"అయితే ఉంటన్నట్టేనా పిన్నీ?" అంది చిన్నది.

"ముందు మేస్త్రిని గుడ్డలు చింపమను. పన్నెండు రంగుల చీరలు ఈమె కాడ ఉన్నయ్యా?"

మా అత్త నా మోకాలు మీద ఒక్కటి కొట్టింది, ఇంక ఏమీ అడగబాక అన్నట్టు. నేను అడగలా.

మా ముఠా ఆ తర్వాతి ఏడు కూడా పన్నెండు మందే. గురజాల పోయినామె బదులు మనిషిని నేను వెతకనే లేదు. పిన్నే వాళ్ళ ఆడబిడ్డని తీసుకొచ్చి, మొదటి రోజు నా ముందర నిలబెట్టి, "ఇదిగో, చెయ్యి నిదానం గానీ మనిషి మంచిది. కేకలేయబాక" అని సాల్లోకి దిగిపోయింది.